ట్రైలర్ లాగే ట్రక్కుకు రెండో ట్యాంకు: కొన్ని విశేషాలు

అమెరికాలో పికప్ ట్రక్కు వెనక పెద్ద ట్రైలర్ తగిలించుకుని రాష్ట్రాలు దాటి తిరిగేవాళ్లు చాలామంది. గుర్రాలు, పడవలు, గడ్డి మోపులు, పడకగదీ వంటగదీ ఉన్న చక్రాల ఇళ్లు... అన్నిటినీ లాగేది ఆ పికప్పే. దూర ప్రయాణాలవాళ్లు బండికి కోరి చేయించుకునే మార్పుల్లో ఒకటి అదనపు డీజిల్ ట్యాంకు. చూడటానికి ఓ ఇనప పెట్టె. దాని వెనక బరువు లెక్కలు, చట్టాలు, చరిత్ర, కాస్త రసాయన శాస్త్రం కూడా ఉన్నాయి.

లాగితే మైలేజీ సగం

ట్రైలర్ లేనప్పుడు గ్యాలన్‌కు 18 మైళ్లు ఇచ్చే డీజిల్ పికప్, ఎత్తయిన ట్రైలర్ తగిలించగానే 10 మైళ్లకు పడిపోవడం మామూలే. అమెరికా గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. కాబట్టి మన లెక్కలో లీటరుకు ఏడున్నర కిలోమీటర్ల నుంచి నాలుగు చిల్లరకు దిగిందన్నమాట. 34 గ్యాలన్ల ట్యాంకుతో ఖాళీ బండి 600 మైళ్లు పోతుంది. ట్రైలర్ ఉంటే 340 మైళ్లు. ముల్లు అడుక్కి చేరేదాకా ఎవరూ నడపరు కనుక, 280 దాటేసరికే డ్రైవర్ కళ్లు బంకు బోర్డుల కోసం వెతుకుతుంటాయి.

బంకులోకి వెళ్లడమే కష్టం

ఇంధనం అయిపోవడం కన్నా బంకులో తిరగడం పెద్ద తలనొప్పి. ట్రక్కూ ట్రైలరూ కలిపి 50, 60 అడుగుల పొడవు ఉంటాయి. కార్ల కోసం కట్టిన బంకులో మలుపు తిరగదు, వెనక్కి తీయడానికి చోటుండదు. పెద్ద లారీల వరసలోకి వెళ్తే చోటు దొరుకుతుంది. అక్కడ ఇంకో చిక్కు. లారీల నాజిల్ లావుగా ఉండి చాలా పికప్‌ల మూతిలో పట్టదు. పట్టినా డీజిల్ దూకుడుగా వచ్చి నురగ కడుతుంది, నాజిల్ టక్కున ఆగిపోతుంది. రెండో ట్యాంకు ఉన్నవాడు ఉదయం ట్రైలర్ తగిలించకముందే రెండూ నింపుకుని బయల్దేరతాడు. దారిలో భోజనానికి ఆగాలనిపించిన చోట ఆగుతాడు, బంకు కోసం ఆగడు.

177 కిలోమీటర్లు, ఒక్క బంకూ లేదు

యూటా రాష్ట్రంలో ఐ-70 రహదారి మీద గ్రీన్ రివర్ నుంచి సలైనా వరకు దాదాపు 110 మైళ్ల దూరంలో బంకు గానీ, హోటల్ గానీ, ఊరు గానీ లేవు. అమెరికా ఇంటర్‌స్టేట్ రహదారులన్నిటిలో ఏ సౌకర్యమూ లేని అతి పొడవైన భాగం ఇదే. అలాస్కాలోని డాల్టన్ హైవే ఇంకా కఠినం. 414 మైళ్ల ఆ దారిలో కోల్డ్‌ఫుట్ దాటాక డెడ్‌హార్స్ వరకు 240 మైళ్లు ఇంధనం దొరకదు. చమురు పైపులైను కోసం 1974లో వేసిన దారి అది.

ట్యాంకు పెట్టే చోట్లు మూడు

మొదటిది క్యాబిన్ వెనక, తొట్టిలో. ఇక్కడ 40 నుంచి 100 గ్యాలన్ల పైదాకా పడుతుంది. కొన్నిటి మీద పనిముట్ల పెట్టె కూడా కలిపే ఉంటుంది. రెండోది తొట్టి కింద: కంపెనీ ట్యాంకు తీసేసి అదే చోట పెద్దది బిగించడం. దీనికి వేరే పంపు, వేరే వైరింగు అక్కర్లేదు. మూడోది స్టెప్నీ వేలాడే చోటు. ట్యాంకు అక్కడికి చేరితే స్టెప్నీ తొట్టిలోకి ఎక్కాలి.

ఫిఫ్త్ వీల్ అనే రకం ట్రైలర్ ముక్కు తొట్టి మధ్యలో, వెనక ఇరుసుకు కాస్త అటూ ఇటూగా కూర్చుంటుంది. మలుపులో ఆ ముక్కు మూల క్యాబిన్ వైపు వస్తుంది. అందుకే పొట్టి తొట్టి ఉన్నవాళ్లు ట్యాంకు తొట్టి అంచు కన్నా ఎత్తు లేకుండా చూసుకోవాలి. కొనేముందు టేపు పట్టి కొలవడం తప్పనిసరి.

తలుపు మీది పసుపు స్టిక్కర్

ఈ వ్యవహారం మొత్తంలో ముఖ్యమైన అంకె డ్రైవర్ తలుపు చట్రం మీద ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని ఆ స్టిక్కర్ చెబుతుంది. కంపెనీ ట్యాంకు నిండా ఉన్న ఇంధనాన్ని ఆ అంకెలోంచి ముందే తీసేసి ఉంచుతారు. రెండో ట్యాంకును తీసేసి ఉండరు. అందులో పోసే ప్రతి చుక్కా సామాను కిందే లెక్క.

డీజిల్ లీటరుకు సుమారు 850 గ్రాములు తూగుతుంది. 100 గ్యాలన్లంటే 320 కిలోల పైన. ట్యాంకు బరువు అదనం. ఇప్పుడు ట్రైలర్ వైపు చూద్దాం. ఫిఫ్త్ వీల్ తన బరువులో 15 నుంచి 25 శాతం ట్రక్కు మీద మోపుతుంది. 12,000 పౌండ్ల ట్రైలర్ 20 శాతం మోపితే 2,400 పౌండ్లు, అంటే దాదాపు 1,090 కిలోలు. ముప్పావు టన్ను తరగతి డీజిల్ పికప్‌లలో చాలావాటి స్టిక్కర్ మీద ఉండేదే ఇంచుమించు అంత. అంటే భార్యాభర్తలు ఎక్కకముందే లెక్క నిండిపోయింది. ట్రక్కు ఎంత బరువు లాగగలదో ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎంత బరువు మోయగలదో తలుపు సందున చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండో ట్యాంకు కోరుకునేవాడికి కావలసింది ఆ చిన్న అక్షరాలే.

మేడ మీది నీళ్ల ట్యాంకులో బంతి లాంటిదే

రెండో ట్యాంకు నుంచి మొదటిదానికి డీజిల్ వచ్చే సులువైన పద్ధతి, పై నుంచి కిందికి దానంతటదే దిగడం. తొట్టిలోని ట్యాంకు ఎత్తులో ఉంటుంది, అసలు ట్యాంకు కింద ఉంటుంది. మధ్య పైపులో తేలే వాల్వు ఒకటి. మన ఇళ్ల మీద నీళ్ల ట్యాంకులో బంతి చేసే పనే అది కూడా చేస్తుంది: కింద నిండగానే దారి మూసేస్తుంది. అది ఇరుక్కుపోతే డీజిల్ పొంగి రోడ్డు పాలు. అందుకే తెలిసినవాళ్లు చేత్తో తిప్పే మరో వాల్వు కూడా పెట్టించి, బండి ఆపినప్పుడు కట్టేస్తారు.

పంపు పద్ధతి

ఇంకో పద్ధతిలో చిన్న కరెంటు పంపు, దానికో కంప్యూటర్ పెట్టె ఉంటాయి. అసలు ట్యాంకు కొంత ఖాళీ అయ్యాక అది కాస్తకాస్తగా తోడి పోస్తుంది. కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో ఉన్న ట్రాన్స్‌ఫర్ ఫ్లో కంపెనీ ఇలాంటి ట్యాంకులకు పేరుపడింది. పంపును డ్రైవర్ స్విచ్‌తో నడిపే మోటు ఏర్పాట్లూ ఉన్నాయి. స్విచ్ వేసి మరిచిపోతే జరిగేది ఊహించడం కష్టం కాదు.

బండి కంప్యూటర్‌కు ఈ రెండో ట్యాంకు సంగతి తెలియదు. ఇంకా ఎన్ని మైళ్లు పోవచ్చో డ్యాష్‌బోర్డు చెప్పే అంకె మొదటి ట్యాంకుది మాత్రమే.

వెనక్కి వచ్చే డీజిల్

డీజిల్ ఇంజన్ పంపు తనకు కావలసినదాని కన్నా ఎక్కువ తోడుకుంటుంది. మిగిలింది వేడెక్కి ట్యాంకుకు తిరిగొస్తుంది. కాబట్టి స్విచ్‌తో ఇంజన్‌ను ఒక ట్యాంకు నుంచి రెండోదానికి మార్చే బండ్లలో వెళ్లే దారితో పాటు తిరిగొచ్చే దారి కూడా మారాలి. ఒకదాంట్లోంచి తోడి రెండోదాంట్లో పోస్తుంటే రెండోది పొంగుతుంది. పెట్రోలు ఇంజెక్షన్ బండ్లకూ ఇదే తంటా. రెండు ట్యాంకుల ఫోర్డ్ పికప్‌లలో ఈ లోపం బయటపడి, 1990ల్లో కంపెనీ వాటిని బాగుచేయడానికి వెనక్కి పిలిపించింది.

ఒకప్పుడు కంపెనీయే రెండు ఇచ్చేది

1970, 80లలో అమెరికా పికప్‌లకు రెండు ట్యాంకులు ఫ్యాక్టరీలోనే బిగించుకునే వీలుండేది. డ్యాష్‌బోర్డు మీద స్విచ్ నొక్కితే ఇంధనం రెండోదాంట్లోంచి వచ్చేది. అంతకుముందు, 1972 దాకా షెవర్లే పికప్‌లలో ట్యాంకు సీటు వెనకే, క్యాబిన్ లోపలే ఉండేది! ఇప్పుడు ఒక్కటే పెద్ద ట్యాంకు ఇస్తున్నారు. 8 అడుగుల తొట్టి ఉన్న కొన్ని ఫోర్డ్ డీజిల్‌లలో 48 గ్యాలన్లు, ర్యామ్‌లో కోరుకుంటే 50 గ్యాలన్లు.

టీవీ చానల్ క్షమాపణ

1973 నుంచి 1987 దాకా జనరల్ మోటార్స్ పెద్ద పికప్‌లలో ట్యాంకులు ఛాసిస్ పట్టీలకు బయటివైపున, బండి పక్కల్లో ఉండేవి. పక్క నుంచి గుద్దితే నిప్పు అంటుకుంటుందని ఏళ్ల తరబడి కోర్టు కేసులు నడిచాయి. 1992 నవంబరులో ఎన్‌బీసీ చానల్ తన డేట్‌లైన్ కార్యక్రమంలో అలాంటి మంటను చూపించింది. ఆ మంట తప్పకుండా రావాలని బండి కింద చిన్న రాకెట్ ఇంజన్లు కట్టారన్న సంగతి తర్వాత తేలింది. 1993 ఫిబ్రవరిలో చానల్ తెర మీదే క్షమాపణ చెప్పింది. అంతమాత్రాన కంపెనీకి చిక్కు తప్పలేదు. 1994 డిసెంబరులో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం కింద 5 కోట్ల డాలర్ల పైన రోడ్డు భద్రత పనులకు ఇవ్వడానికి ఒప్పుకుంది. ట్యాంకు ఎంత పెద్దదన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యమని తేల్చిన వివాదం ఇది.

వెనక్కి నడిపి కొండెక్కడం

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్-టీలో పెట్రోలు పంపు లేదు. సీటు కింద ఉన్న ట్యాంకు నుంచి ఇంజన్‌కు పెట్రోలు దానంతటదే దిగేది. ఏటవాలు ఎక్కువైతే ఇంజన్ ట్యాంకు కన్నా ఎత్తులోకి పోయేది, పెట్రోలు అందేది కాదు. అప్పటి డ్రైవర్లు బండిని తిప్పి రివర్స్‌లో కొండెక్కేవారు. ఈ రోజు అమెరికా వాణిజ్య వాహనాల భద్రతా నిబంధనలు ట్యాంకు నుంచి కార్బురేటర్‌కు గానీ ఇంజెక్టర్‌కు గానీ ఇంధనం నేరుగా అలా దిగడాన్ని నిషేధించాయి.

30 అడుగుల మీది నుంచి పడేస్తారు

అవే నిబంధనల్లో పెద్ద లారీల పక్క ట్యాంకులకు ఓ పరీక్ష ఉంది. ట్యాంకులో నిండు ఇంధనానికి సమానమైన బరువు నీళ్లు పోసి, 30 అడుగుల ఎత్తు నుంచి గట్టి నేల మీద ఒక మూల తగిలేలా పడేస్తారు. ఆ తర్వాత నిమిషానికి ఒక ఔన్సుకు, అంటే 28 గ్రాములకు మించి కారకూడదు. స్థానిక వెల్డింగ్ షాపులో చేయించిన పెట్టె ఈ పరీక్షకు నిలబడుతుందా అన్నది కొనేవాళ్లు వేసుకోవలసిన ప్రశ్న.

119 అనే గీత

అమెరికా ప్రమాదకర సరుకుల నియమాల ప్రకారం 119 గ్యాలన్లు, అంటే 450 లీటర్లు దాటిన పాత్ర పెద్దమొత్తపు రవాణా కిందికి వస్తుంది. అందులో డీజిల్ మోస్తే బండికి హెచ్చరిక పలకలు తగిలించాలి. పొలంలో ట్రాక్టర్లకు పోయడానికి పికప్‌లో తీసుకెళ్లే ట్యాంకులకు ఈ గీత ముఖ్యం. అందుకే చాలా ట్యాంకుల కొలత 119కి కాస్త ఇవతలే ఆగిపోతుంది. బండి సొంత ఇంజన్‌కు అందే ఇంధనానికి ఈ నియమం లేదు.

పెట్రోలు బండ్లకు ఎందుకు తక్కువ?

డీజిల్ ఆవిరి నిప్పు అందుకోవాలంటే అమెరికా ప్రమాణం ప్రకారం కనీసం 52 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పెట్రోలుకు సున్నా కన్నా 40 డిగ్రీలు తక్కువ చలిలోనూ ఆవిరి మండుతుంది. పైగా ఆ ఆవిరి గాలిలోకి పోకుండా పట్టి ఉంచే ఏర్పాటు ఉండాలి, దానికి ప్రభుత్వ ఆమోదం ఉండాలి. కాలిఫోర్నియాలో ఇంకా కట్టుదిట్టం. అందువల్లే మార్కెట్లో దొరికే అదనపు ట్యాంకుల్లో డీజిల్‌వే ఎక్కువ.

జింకు పూత పనికిరాదు

తుప్పు పట్టదు కదా అని జింకు పూత రేకుతో డీజిల్ ట్యాంకు చేయిస్తే ఇంజెక్టర్లకు చేటు. జింకు కొద్దికొద్దిగా డీజిల్‌లో కరిగి, ఇంజెక్టర్ల సన్నటి రంధ్రాల దగ్గర పేరుకుంటుంది. అల్యూమినియం, అల్యూమినియం పూత ఉక్కు, గట్టి ప్లాస్టిక్ వాడేది ఇందుకే. లోపల అడ్డు పలకలు కూడా ఉండాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా వందల లీటర్లు ఒక్క ఊపున ముందుకు తన్నుతాయి.

నిల్వ డీజిల్‌లో పురుగు

సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీరుగా మారి అడుక్కి చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి జిగట పొర కడతాయి. ఫిల్టర్లు మూసుకుపోతాయి. రెండో ట్యాంకులో డీజిల్‌ను నెలల తరబడి అలాగే ఉంచకుండా ముందు దాన్నే వాడేయడం మంచి అలవాటు.

ఎండకు ఉబ్బుతుంది

తెల్లవారుజామున చల్లటి డీజిల్‌తో 100 గ్యాలన్లు మూతి దాకా నింపి, మధ్యాహ్నం 20 డిగ్రీల వేడి పెరిగితే అది 6 లీటర్లకు పైగా ఉబ్బుతుంది. వాణిజ్య వాహనాల ట్యాంకులను 95 శాతానికి మించి నింపడానికి వీల్లేకుండా తయారు చేయాలన్న నియమం అందుకే పుట్టింది.

దక్షిణాది డీజిల్, ఉత్తరాది చలి

చలి ప్రాంతాల బంకులు శీతాకాలంలో గడ్డకట్టని మిశ్రమం అమ్ముతాయి. దక్షిణ టెక్సస్‌లో ఆ అవసరం లేదు. అక్కడ రెండు ట్యాంకులూ నింపుకుని జనవరిలో వ్యోమింగ్ చేరితే డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోవచ్చు. చిన్న ట్యాంకు ఉన్నవాడు దారిలో చలి డీజిల్ పోయించుకుంటాడు కనుక అతనికి ఈ బాధ తక్కువ.

ఎర్ర డీజిల్ జోలికి వెళ్లొద్దు

పొలం యంత్రాలకు రోడ్డు పన్ను లేని డీజిల్ అమ్ముతారు. గుర్తుకు ఎర్ర రంగు కలుపుతారు. రోడ్డు మీద తిరిగే బండి ట్యాంకులో అది దొరికితే 1,000 డాలర్లు గానీ, గ్యాలన్‌కు 10 డాలర్ల చొప్పున గానీ, ఏది ఎక్కువైతే అది జరిమానా. ఆ పన్ను గ్యాలన్‌కు 24.4 సెంట్లు. 1993 తర్వాత ఆ అంకె పెరగలేదు.

చౌక రాష్ట్రంలో నింపుకుంటే?

సొంత పికప్‌తో విహారానికి వెళ్లేవాడికి ఇది నిజంగానే లాభం. పెద్ద లారీలకు అంత లాభం లేదు. 26,000 పౌండ్లు దాటిన లేదా మూడు ఇరుసులున్న వాణిజ్య వాహనాలు రాష్ట్రాలు దాటితే, ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లు నడిచాయో మూడు నెలలకోసారి లెక్క చెప్పి పన్ను సర్దుకోవాలి. ఎక్కడ కొన్నా ఇంధన పన్ను మాత్రం నడిచిన రాష్ట్రానికే చేరుతుంది.

మన దగ్గర అలాంటి సర్దుబాటు లేదు. ఆంధ్ర కన్నా యానాంలో, కర్ణాటకలో డీజిల్ ధర కొన్నేళ్లుగా తక్కువ. సరిహద్దు దాటే లారీలు అటువైపే నింపుకోవడం అందరికీ తెలిసిందే.

యూరియా ముందే అయిపోతుంది

ఇప్పటి డీజిల్ పికప్‌లకు పొగ శుభ్రం చేసే యూరియా ద్రావణం కూడా కావాలి. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. వాడకం డీజిల్‌లో 2, 3 శాతం, బరువు లాగితే ఇంకా ఎక్కువ. అది పూర్తిగా అయిపోతే బండి కంప్యూటర్ ఇంజన్ శక్తికి కళ్లెం వేస్తుంది. 150 గ్యాలన్ల డీజిల్‌తో బయల్దేరినవాడు యూరియా డబ్బా కూడా వెంట పెట్టుకోవాల్సిందే.

అట్లాంటిక్ దాటించిన ట్యాంకులు

1927 మేలో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఎగిరిన విమానంలో ఐదు ట్యాంకులు, సుమారు 450 గ్యాలన్ల పెట్రోలు ఉన్నాయి. లేచినప్పటి బరువులో దాదాపు సగం అదే. బరువు సమతూకం కోసం పెద్ద ట్యాంకును తన ముందే పెట్టించుకున్నాడు. దాంతో ఎదుటి దారి మూసుకుపోయింది. ముందుకు చూడాలంటే అద్దాల గొట్టంలోంచి తొంగి చూడాలి. పికప్ తొట్టిలో ట్యాంకును వెనక తలుపు దగ్గర కాకుండా క్యాబిన్‌కు ఆనించి పెట్టడం వెనక ఉన్నదీ సమతూకం సూత్రమే. ట్రైలర్ బరువు అప్పటికే వెనక్కి నొక్కుతుంటుంది.

ఆస్ట్రేలియాలో కంపెనీ ట్యాంకులే రెండు

టయోటా ల్యాండ్‌క్రూజర్ 78 ట్రూప్ క్యారియర్‌కు ఆస్ట్రేలియాలో 90 లీటర్ల ట్యాంకులు రెండు, కంపెనీ బిగించినవే వస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో 1,850 కిలోమీటర్ల క్యానింగ్ స్టాక్ రూట్‌కు మధ్యలో ఇంధనం దొరికే ఊరు కునవరిట్జి. ఇసుక దిబ్బల్లో అక్కడిదాకా చేరడానికి ఆ 180 లీటర్లు కూడా చాలక అదనపు క్యాన్లు మోసుకెళ్తారు.

మన దేశంలో బిగిస్తే?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ దీనికి అడ్డు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీ సంస్థ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఖాళీ బండి బరువు ఆ వివరాల్లో ఒకటి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాల్సిందేనని చెప్పింది. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్ల వంటి వాటికే మినహాయింపు. కాబట్టి అమెరికా వీడియోలు చూసి ఇక్కడ వెల్డింగ్ షాపుకు పరుగెత్తకండి.

ఖర్చు లేని ట్యాంకు

గాలి ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది. గంటకు 65 మైళ్ల నుంచి 75కి వెళ్తే గాలి నిరోధం 33 శాతం ఎక్కువ. ఎత్తయిన ట్రైలర్ లాగే బండికి ఇదే పెద్ద ఖర్చు. ట్రైలర్ టైర్లలో చాలావాటికి 65 మైళ్లే పరిమితి. పది మైళ్లు తగ్గించి నడిపితే ఉన్న ట్యాంకే ఎక్కువ దూరం వస్తుంది, టైర్లూ మన్నుతాయి.

రెండో ట్యాంకు మైలేజీ పెంచదు, బరువు పెంచుతుంది. అది ఇచ్చేది ఎక్కడ ఆగాలో, ఎక్కడ కొనాలో మనమే నిర్ణయించుకునే వీలు. రోజూ దూరాలు పోయేవాడికి, బంకులు లేని దారుల్లో తిరిగేవాడికి ఆ వీలు విలువైనదే. ఏడాదికి రెండుసార్లు ట్రైలర్ కదిలించేవాడికి దండగ. అమెరికాలో ఉండి కొనదలచిన తెలుగువారెవరైనా ఉంటే ఒక్క మాట: ముందు తలుపు తెరిచి ఆ పసుపు స్టిక్కర్ చదవండి, ట్రైలర్ తగిలించి కాటా వేయించండి, మిగిలిన బరువును బట్టి ట్యాంకు సైజు ఎంచుకోండి.